అయోడిన్ పట్టని థైరాయిడ్ క్యాన్సర్‌కు జన్యువైద్యం వచ్చిందా?

ప్రశ్న: మా అక్కకు పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్. గ్రంథి తీసేసి రేడియో అయోడిన్ ఇచ్చారు. ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయి గానీ, ఈసారి స్కాన్‌లో అవి అయోడిన్ పట్టలేదన్నారు. జన్యువు ఎక్కించి మళ్లీ పట్టేలా చేస్తున్నారని చదివాం. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ప్రయోగశాలలో నిజమేనమ్మా. ఆస్పత్రిలో ఇచ్చే మామూలు వైద్యంగా ఇంకా రాలేదు.

థైరాయిడ్ కణం పొరలో ఎన్‌ఐఎస్ అనే ప్రోటీన్ రెండు సోడియం అయాన్లతో పాటు ఒక అయోడైడ్‌ను లోపలికి లాగుతుంది. దాని జన్యువు 1996లో దొరికింది. వైరస్ ద్వారా ఆ జన్యువును పంపితే క్యాన్సర్ కణాలు అయోడిన్‌ను బాగానే పీల్చుకుంటాయి. ఎన్‌ఐఎస్‌ను అడ్డుకునే పెర్‌క్లోరేట్ అనే రసాయనం కలపగానే ఆగిపోతే, ఆ పని ఎన్‌ఐఎస్‌దేనని రూఢి అవుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆరోగ్యంగా ఉన్న కణం టీపీవో ఎంజైమ్ సాయంతో అయోడిన్‌ను థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతికించి నిలుపుకుంటుంది. ఆ ఏర్పాటు చెడిన కణంలోంచి అది కాసేపటికే కారిపోతుంది. అయోడిన్-131 సగం ఆయువు 8 రోజులు. లోపల నిలవకపోతే కణాన్ని చంపేంత రేడియేషన్ అందదు. పైగా వైరస్ ఒంట్లోని ప్రతి గడ్డకూ చేరదు.

రోగుల దాకా వచ్చింది ఇంకో దారి. బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉన్న కణాల్లో ఎన్‌ఐఎస్ జన్యువు పోదు, అణిగి ఉంటుంది. అణిచే సంకేతాన్ని మాత్రలతో ఆపితే కొందరిలో మేల్కొంటుంది. 2013లో వెలువడిన అధ్యయనంలో సెలుమెటినిబ్ అనే అలాంటి మాత్ర వాడిన 20 మందిలో 12 మందికి గడ్డల్లో అయోడిన్ పట్టు పెరిగింది. చికిత్స ఇవ్వగలిగేంత పెరిగింది 8 మందికే.

అంతకంటే ముందు, ఆ స్కాన్ ఫలితం నమ్మదగిందో లేదో తేల్చుకోండి. దానికి ముందు రెండు నెలల్లో కంట్రాస్ట్ (అయోడిన్ ఉండే రంగుమందు) ఎక్కించి సీటీ తీశారా? థైరాయిడ్ కణాలను ప్రేరేపించే హార్మోన్ టీఎస్‌హెచ్ 30 దాటిందా? ఒకట్రెండు వారాలు రోజుకు 50 మైక్రోగ్రాముల లోపు అయోడిన్‌తో పథ్యం చేశారా? అయోడిన్ ఉప్పు మానేసినా పాలు, పెరుగు, గుడ్లు, బేకరీ సరుకు, పాత ఊరగాయల్లోంచి అది చేరుతుంది. మన ఉగ్గానికి వాడే బొరుగుల్లోనూ ఉప్పుంటుందని చాలామందికి తట్టదు. ఒంట్లో అయోడిన్ నిండి ఉంటే మంచి కణం కూడా మందు పట్టదు. మూత్రంలో అయోడిన్ పరీక్షతో ఇది తెలిసిపోతుంది. థైరాయిడ్ మాత్ర మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే, ఆపరేషన్‌లో తీసిన ముక్క తాలూకు పారఫిన్ బ్లాక్‌ను (మైనంలో భద్రపరిచిన ముక్కను) ఆ ఆస్పత్రి పాథాలజీ విభాగంలో అడిగి తీసుకుని, బీఆర్‌ఏఎఫ్‌, ఆర్‌ఏఎస్ జన్యువుల్లో మార్పుల పరీక్షకు పంపమని మీ క్యాన్సర్ వైద్యుణ్ని అడగండి.