టెక్ సందేహాలు: కాలిక్యులేటర్‌కు పాదం ఎవరు చెప్పాలి?

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. సైన్ థీటా 3/5, థీటా రెండో పాదంలో (క్వాడ్రంట్, అంటే 90–180 డిగ్రీల మధ్య) ఉంది, కాస్ థీటా ఎంత అన్నది లెక్క. ఫోనులో 0.6కు సైన్ ఇన్వర్స్ కొట్టి, వచ్చిన కోణానికి కాస్ కొడితే 0.8 వస్తోంది. పుస్తకంలో −4/5 అని ఉంది. వేరే యాప్ వేసుకోవాలా? – ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: ఎన్ని యాప్‌లు మార్చినా 0.8 తప్ప రాదు. మీరు దానికి ఇచ్చింది 0.6 ఒక్కటే. రెండో పాదం సంగతి చెప్పడానికి ఆ మీటలో చోటే లేదు. సున్నా నుంచి 360 డిగ్రీల లోపు సైన్ 0.6 అయ్యే కోణాలు రెండు: 36.87, 143.13. జవాబు ఒక్కటే ఉండాలి కనుక సైన్ ఇన్వర్స్ −90 నుంచి 90 డిగ్రీల మధ్య కోణాన్నే ఇవ్వాలని గణితంలోనే కట్టుబాటు. ఆ మేరలో కాస్ ఎన్నడూ ఋణాత్మకం కాదు. అంటే మీరు పట్టిన దారిలో మైనస్ గుర్తు ఎదురయ్యే అవకాశమే లేదు. 180లోంచి 36.87 తీసేసి, మిగిలిన 143.13కు కాస్ కొట్టి చూడండి. వెంట్రుకవాసి తేడాతో −0.8 వస్తుంది.

నన్నడిగితే ఈ లెక్కకు ఫోను ముట్టుకోనక్కర్లేదు. చిత్తుకాగితం మీద లంబకోణ త్రిభుజం గీయండి. ఎదుటి భుజం 3, కర్ణం 5. ఇరవై అయిదులోంచి తొమ్మిది పోతే పదహారు, కనుక ఆసన్న భుజం 4. పొడవులకు మైనస్ ఉండదు, గుర్తు పాదాన్ని బట్టి మనమే పెట్టాలి. క్లాసులో చెప్పే ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ (ఒకటి నుంచి నాలుగు పాదాల్లో వరుసగా ధనాత్మకమయ్యేవి: అన్నీ, సైన్, టాన్, కాస్) ఇక్కడే అక్కరకొస్తుంది. రెండో పాదంలో సైన్, దాని వ్యుత్క్రమం కొసెక్ మాత్రమే ధనాత్మకం. కాబట్టి కాస్ −4/5, టాన్ −3/4. అదే పాదంలో సైన్ 2/3 అని ఇచ్చారనుకోండి, జవాబుల్లో −√5/3 ఉంటుంది, ఫోనేమో 0.745 అంటుంది. ఆ రెంటికీ చుట్టరికం కలిపేలోపు పక్కవాడు తర్వాతి లెక్కలో ఉంటాడు. ఎలాగూ ఈఏపీసెట్ హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు.

ప్రశ్న: ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తుంటాం. 2 మీటర్ల ప్యానెల్‌ను ఒక అంచున 50 సెంటీమీటర్లు లేపితే వాలు ఎంతో చూద్దామని ఎక్సెల్‌లో 0.25కు ఏసైన్ (సైన్ ఇన్వర్స్) వేస్తే 0.2527 వచ్చింది. పావు డిగ్రీయేనా? – అనంతపురం

జవాబు: అవి డిగ్రీలు కావు, కోణానికే మరో కొలమానమైన రేడియన్లు. దానికి డిగ్రీస్ ఫంక్షన్ తగిలిస్తే 14.48 వస్తుంది. అనంతపురం అక్షాంశం సుమారు 14.7 డిగ్రీలు. దక్షిణానికి తిప్పి బిగించే ప్యానెల్‌కు అక్షాంశానికి దగ్గరి వాలు పెట్టడం వాడుకే కనుక మీ కొలత బాగానే ఉంది. కాళ్ల మధ్య దూరమే కావాలంటే కోణంతో పనిలేదు: 200 వర్గంలోంచి 50 వర్గం తీసి వర్గమూలం కట్టండి, దాదాపు 193.6 సెంటీమీటర్లు. వాలు 90 డిగ్రీలు దాటదు, పాదాల గొడవా లేదు.

ప్రశ్న: ఎక్స్ −12, వై −5 ఉన్న బిందువు మూడో పాదంలో ఉంది. పైథాన్‌లో వై/ఎక్స్‌కు ఏటాన్ (టాన్ ఇన్వర్స్) వేసి డిగ్రీల్లోకి మారిస్తే 22.62 వస్తోంది. అది మొదటి పాదం కోణం కదా, ఎందుకిలా? – కడప

జవాబు: భాగహారంలో రెండు మైనస్‌లూ కొట్టుకుపోయాయి. ఏటాన్2 వాడండి, అది రెండు విలువలనూ విడివిడిగా తీసుకుంటుంది. −157.38 వస్తుంది, 360 కలిపితే 202.62. ఒక్క చిక్కుంది: పైథాన్‌లో వై ముందు రాయాలి, ఎక్సెల్‌లో ఎక్స్ ముందు.