8 కోర్ల సర్వర్‌లో నాలుగు వీఎమ్‌లు (వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లు) ఉంటే ఒక్కోదానికి రెండు కోర్లే ఇవ్వాలా?

అక్కర్లేదు. అన్నీ కలిపి 8 దాటకూడదన్న నియమం ఏదీ లేదు, తలా 4 ఇచ్చినా నడుస్తాయి. వీఎమ్‌కి ఇచ్చే వర్చువల్ కోర్ మామూలుగా అసలు కోర్‌ని సొంతం చేసుకోదు. లినక్స్‌లో వీఎమ్‌లను నడిపే కేవీఎమ్‌లో అయితే, లినక్స్ దృష్టిలో అదొక మామూలు థ్రెడ్, అంటే కోర్ మీద నడవాల్సిన పనుల్లో ఒకటి. పనుంటే ఖాళీగా ఉన్న కోర్ మీద నడుస్తుంది, లేకపోతే నిద్రపోతుంది.

చిక్కంతా అన్నింటికీ ఒకేసారి పని పడినప్పుడే. 16 వర్చువల్ కోర్లు 8 కోసం వరుస కడతాయి. ఈ ఎదురుచూపును కొలవొచ్చు. లినక్స్ వీఎమ్‌లో టాప్ కమాండ్ ఇచ్చి ‘ఎస్‌టీ’ అంకె చూడండి. అది స్టీల్ టైమ్, అంటే పని ఉండి కూడా కోర్ దొరకని సమయం. వీఎమ్‌లను నడిపే వీఎమ్‌వేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐలో అయితే ఇదే ఎదురుచూపుకు రెడీ టైమ్ చూడాలి.

ఎందుకైనా మంచిదని ఒక్కో వీఎమ్‌కి 8 ఇచ్చేయకండి, చాలామంది చేసే పొరపాటు ఇదే. లోపల లాక్ (ఒకేసారి ఒక్కరే వాడాల్సిన డేటాకు వేసే తాళం) పట్టుకున్న వర్చువల్ కోర్‌ని హోస్ట్ (వీఎమ్‌లను నడిపే అసలు సర్వర్) మధ్యలో ఆపేస్తే, మిగతావి ఆ లాక్ కోసం లూప్‌లో తిరుగుతూ అసలు కోర్లను వృథాగా తినేస్తాయి. అలా ఎక్కువ ఇచ్చిన వీఎమ్ ఇంకా నెమ్మదించవచ్చు.

నేనైతే 2తో మొదలుపెట్టి, లోపల సీపీయూ నిజంగా నిండుతుంటేనే పెంచుతాను. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో అసలు కోర్ రెండుగా కనిపించే ఏర్పాటు) వల్ల 16 అని కనిపించినా లెక్క మాత్రం 8కే వేసుకోండి. ఆలస్యాన్ని అస్సలు తట్టుకోలేని డేటాబేస్ ఉంటే, దాని వర్చువల్ కోర్లను రెండు అసలు కోర్లకు పిన్ చేసి (వాటి మీదే నడిచేలా కట్టేసి), మిగతా వీఎమ్‌లను ఆ రెండింటి మీదికి రానివ్వకండి.