పారిస్‌లో ఒక పూట: వైన్, చీజ్ టేస్టింగ్ ఉన్న సిటీ టూర్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పారిస్‌లో ఉండేది రెండు రోజులే, వెంట అమ్మానాన్నలు ఉంటారు. ఒక మధ్యాహ్నం ఊరు చూపించి, చివర్లో వైన్, చీజ్ రుచి చూపించే టూర్ బుక్ చెయ్యాలా వద్దా? నాన్నగారు ఎప్పుడైనా ఒక గ్లాసు వైన్ తీసుకుంటారు. అమ్మగారు శాకాహారి, వైన్ ముట్టరు. ఆవిడకి డబ్బు దండగ అవుతుందేమోనని మీ సందేహం.

వెళ్లండి. అయితే ఏ టూర్‌కి వెళ్తున్నారన్నది చాలా ముఖ్యం. ఉద్యోగం మీద నేను కొన్నేళ్లు పారిస్‌లో ఉన్నాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఇలాంటి టూర్లకి వెంట వెళ్లేదాన్ని. అవన్నీ చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే: ఉన్న నాలుగైదు గంటల్లో ఊరు కొంచెమే చూపించాలి, టేస్టింగ్ తీరిగ్గా జరగాలి. ఐఫిల్ టవర్, లూవ్ర్ ముందున్న పిరమిడ్, నోత్రదామ్ ఎవరి సాయం లేకుండా మెట్రో ఎక్కి చూసి రావచ్చు. 2019 అగ్నిప్రమాదం తర్వాత మూసేసిన నోత్రదామ్ 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి టికెట్ కూడా లేదు. కానీ ఒక చీజ్ దుకాణంలో కూర్చోబెట్టి, ఏది ముందు తినాలో, దేని మీద ఏది తాగాలో, ఎందుకో, తెలిసినవాళ్లు పక్కనుండి చెప్పడం మనంతట మనకి దొరికేది కాదు. టూర్‌కి డబ్బు కట్టేది అందుకే.

బస్సులో తిప్పి పది చోట్ల ఫొటోలు తీయించే టూర్లలో టేస్టింగ్ పేరుకే ఉంటుంది. అలాంటి ఒకదానికి మా పెద్దమ్మా పెదనాన్నలతో వెళ్లాను. ట్రాఫిక్‌లో ఆలస్యమై, చివరికి ఒక హోటల్ బేస్‌మెంట్‌లో ముందే కోసి ఎండిపోయిన ముక్కలు ప్లేటులో పెట్టి, రెండు రకాల వైన్ పోసి, ఇరవై నిమిషాల్లో లేపేశారు. ఆ చీజ్ పేరేమిటని పెదనాన్న అడిగితే పోసిన అబ్బాయికి తెలియదు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లని అలా చెయ్యడం నాకు చాలా బాధగా అనిపించింది.

అందుకని ఒకే పేటలో నడిపించే టూర్ చూసుకోండి. నన్నడిగితే మోన్‌మార్త్ర్ కొండ. వైన్‌కీ ఆ పేటకీ ఉన్నంత సంబంధం పారిస్‌లో ఇంకెక్కడా నాకు కనబడలేదు. 12వ శతాబ్దం నుంచి అక్కడ క్రైస్తవ సన్యాసినుల మఠం ఉండేది, వాళ్లకి కొండ మీద ద్రాక్ష తోటలుండేవి. ఫ్రెంచి విప్లవానికి కాస్త ముందు, 1780లలో, పారిస్ చుట్టూ సుంకం వసూలు కోసం ఒక గోడ కట్టారు. ఊళ్లోకి వచ్చే సరుకు మీద, వైన్ మీద కూడా, అక్కడ పన్ను కట్టాలి. మోన్‌మార్త్ర్ గోడకి బయట ఉండేది, 1860 దాకా అది పారిస్‌లో భాగమే కాదు. బయట వైన్ చవక కాబట్టి జనం సాయంత్రమయ్యేసరికి గోడ దాటి అక్కడికి వెళ్లేవాళ్లు. తాగే చోట్లు, డాన్సు హాళ్లు, తర్వాత కాబరేలు అన్నీ అలా పుట్టుకొచ్చినవే. అద్దెలు కూడా తక్కువ కావడంతో చిత్రకారులూ చేరారు. వాన్ గో 1886 నుంచి 1888 వరకు తమ్ముడితో కలిసి రూ లెపిక్ అనే వీధిలో ఉన్నాడు. పికాసో 1904లో అక్కడి ఒక పాత చెక్క భవనంలోకి మారాడు. మంచి గైడ్ అయితే ఈ పన్నుల కథతోనే మొదలుపెడతారు. అది విన్నాక ఆ సందులు వేరే కళ్లతో చూస్తాం.

ఆ తోటల గుర్తుగా ఇప్పటికీ రూ దె సోల్ అనే వీధి పక్కన ఒక చిన్న ద్రాక్ష తోట ఉంది. అక్కడ ఇళ్లు లేవకుండా ఆపడానికి 1933లో పేటవాళ్లు పట్టుబట్టి నాటించిన తోట అది. ఉత్తరం వైపు వాలు మీద ఉంటుంది, ద్రాక్షకి ఎండ కావాలి కాబట్టి నిజానికి అది అనువైన దిక్కు కాదు. మామూలు రోజుల్లో లోపలికి వెళ్లనివ్వరు, కంచె బయట నుంచే చూడాలి, అయినా బాగా కనిపిస్తుంది. అక్టోబరులో ద్రాక్ష కోతల పండగ చేస్తారు. ఆ రోజుల్లో కొండ మీద కాలు పెట్టే చోటుండదు, పెద్దవాళ్లతో అయితే వద్దు.

కొండ మీదున్న సాక్రె కర్ చర్చి గురించి పెద్దగా చెప్పను, ఎలాగూ చూస్తారు. 1875లో మొదలై 1914కి కట్టడం పూర్తయింది. వానకి తడిసేకొద్దీ తెల్లగా అయ్యే రాయి కాబట్టి అంత తెల్లగా ఉంటుంది. లోపలికి వెళ్లడం ఉచితం.

నడక సంగతి ముందే ఆలోచించుకోండి. కొండ కదా, మెట్లూ రాళ్లు పరిచిన వీధులూ ఎక్కువ. ఆబెస్ మెట్రో స్టేషన్ భూమికి 36 మీటర్ల లోతున ఉంటుంది, పారిస్‌లో అంత లోతు స్టేషన్ ఇంకోటి లేదు. అక్కడ దిగితే లిఫ్టు కోసం ఆగండి, చుట్లు తిరిగే మెట్లు మాత్రం ఎక్కించకండి. ఇంకా సుఖం కావాలంటే ఆన్‌వేర్ స్టేషన్‌లో దిగి, ఫ్యునిక్యులర్‌లో, అంటే కొండ వాలు మీద పైకీ కిందికీ తిరిగే చిన్న రైలులో, పైకి వెళ్లండి, మెట్రో టికెట్టే దానికీ పనికొస్తుంది. 40 నంబరు బస్సు కూడా ఆ సందుల్లోనే తిరుగుతుంది. కొండ ఎక్కే టూరా, పైన మొదలై కిందికి దిగే టూరా అని అడిగి, దిగేదే తీసుకోండి.

ఇక టేస్టింగ్. బాగా చేసేచోట నాలుగైదు చీజ్‌లు, మూడు నాలుగు వైన్లు ఉంటాయి. వైన్ ఒక్కోటి రెండు మూడు గుక్కలకి మించి పొయ్యరు. చీజ్‌ని కనీసం గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచుతారు, చల్లగా ఉంటే వాసన రాదు, వాసన రాకపోతే రుచీ తెలియదు. ప్లేటు మీద గడియారంలా గుండ్రంగా పేర్చి, తేలిక రుచి నుంచి ఘాటు రుచికి వరసలో తినమంటారు. ఆ వరస తప్పకండి. నీలి బూజు చీజ్ ముందు తింటే ఆ తర్వాత మేక చీజ్ చప్పగా ఉంటుంది.

చీజ్ అనగానే రెడ్ వైన్ అనుకుంటాం. చాలా చీజ్‌ల మీదకి వైట్ వైనే బాగుంటుంది. రెడ్‌లో ఉండే వగరు, మెత్తటి చీజ్‌తో కలిస్తే నోట్లో చేదుగా, ఇనుము నాకినట్టు అనిపిస్తుంది. వైట్‌లో ఉన్న పులుపు చీజ్ కొవ్వుని కోసేసి నోటిని శుభ్రం చేస్తుంది. లువార్ నది ప్రాంతపు మేక చీజ్ మీద సాన్‌సేర్ వైట్ వైన్ ఇస్తే గమనించండి. అక్కడ షావిన్యోల్ అనే పల్లెలో మేక చీజ్ చేస్తారు, ఆ పల్లె చుట్టూ ఉన్నవి సాన్‌సేర్ ద్రాక్ష తోటలే. ఒకే ఊరి పాలూ, ఒకే ఊరి పళ్లూ అన్నమాట.

'కొంతే' (Comté) అనే పేరున్న చీజ్‌కి మాత్రం నేను పూర్తిగా లొంగిపోయాను. స్విట్జర్లాండ్ సరిహద్దున ఉన్న జ్యూరా కొండల్లో చేస్తారు. నలభై కిలోల చక్రం ఒకటి కావాలంటే దాదాపు నాలుగు వందల లీటర్ల ఆవు పాలు పడతాయి. నాలుగు నెలలైనా మాగితే గానీ ఆ పేరు పెట్టుకోనివ్వరు, మంచి దుకాణాల్లో రెండేళ్లు మాగినది కూడా దొరుకుతుంది. అంత మాగినది కొరికితే పంటి కింద సన్నటి రవ్వలాంటివి తగులుతాయి. ఉప్పు రాళ్లనుకుంటారు, కాదు, మాగే క్రమంలో ప్రోటీన్ విడిపోయి ఏర్పడే స్ఫటికాలవి. అదే జ్యూరాలో వాన్ జోన్ అనే పసుప్పచ్చ వైన్ ఉంది. ఆరేళ్ల మూడు నెలలకి తక్కువ కాకుండా మగ్గబెట్టి, 62 సెంటీలీటర్ల సీసాల్లో నింపుతారు. అక్రోటు కాయల వాసన వస్తుంది, మొదటి గుక్కకి అందరికీ నచ్చదు. ఆ 'కొంతే' చీజ్ ముక్క నమిలి, నోట్లో ఇంకా ఉండగానే ఒక గుక్క తాగమనండి నాన్నగారిని.

మరో జత రోక్‌ఫోర్, సోతెర్న్. రోక్‌ఫోర్ గొర్రె పాల చీజ్, నీలి బూజుతో ఉప్పగా ఘాటుగా ఉంటుంది. ఆ పేరు ఇంకెవరూ వాడకుండా 1925లోనే చట్టం చేశారు. సోతెర్న్ తియ్యటి వైన్. దానికి వాడే ద్రాక్షకి తోటలోనే ఒక రకం బూజు పట్టి, పండు ముడుచుకుని, తీపి చిక్కబడుతుంది. బూజు పట్టిన పాలూ, బూజు పట్టిన పళ్లూ కలిస్తే అంత రుచి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా మామగారు పెరుగు తప్ప ఇంకే పాల పదార్థం పెద్దగా ఇష్టపడని మనిషి. ఆ జత రుచి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయ్, ఇంకో ముక్క ఇస్తారేమో అడుగు" అన్నారు.

ఇప్పుడు అమ్మగారి విషయం, ఇది జాగ్రత్తగా చదవండి. పాలు గడ్డ కట్టడానికి ఫ్రాన్స్‌లో సంప్రదాయంగా వాడేది రెన్నెట్, దాన్ని దూడ పొట్టలోంచి తీస్తారు. ఏఓపీ ముద్ర (ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలోనే చేసిందనే గుర్తింపు) ఉన్న పేరుమోసిన చీజ్‌లలో చాలావాటికి, 'కొంతే'కీ రోక్‌ఫోర్‌కీ కూడా, జంతువుల రెన్నెటే వాడతారు. అంటే కచ్చితంగా పాటించే శాకాహారులకి పనికిరావు. వెజిటేరియన్ ఆప్షన్ ఉందని టూర్ పేజీలో రాసి ఉన్నా, అక్కడి లెక్క ప్రకారం దానర్థం మాంసం పెట్టరనే. మా అత్తగారు ఈ విషయంలో చాలా పట్టింపు ఉన్న మనిషి. అందుకని ముందే ఈమెయిల్ రాశాను. దుకాణం ఆవిడ మొక్కల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసిన చీజ్‌లు రెండు విడిగా తెప్పించి, వేరే కత్తితో కోసి పెట్టింది. వైన్ బదులు ద్రాక్ష రసం ఇచ్చింది, అది కూడా ఒకటి కాదు, వేర్వేరు ద్రాక్ష రకాలవి. మా అత్తగారు వాటిని పోల్చి పోల్చి తాగుతూ, ఏది దేని మీదకి బాగుందో మాకే చెప్పారు. అలా చూసుకునే చోటైతే అమ్మగారికి దండగ కాదు. ముందు చెప్పకుండా వెళ్తే మాత్రం ఆవిడ బ్రెడ్డూ, చెర్రీ జామూ తిని కూర్చోవాలి. కొన్ని టూర్లలో వైన్ తీసుకోనివాళ్లకి ధర తగ్గిస్తారు, అది కూడా అడగండి.

వైన్ తేటపడటానికి కూడా కొందరు కోడిగుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసే పదార్థం వాడతారు. నాన్నగారికి పట్టింపు ఉంటే ఇదీ తెలిసి ఉండటం మంచిది.

ఆరోగ్యం సంగతులు కొన్ని. షుగర్ మందులు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో వైన్ తాగకూడదు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. నాన్నగారికి షుగర్ ఉంటే మధ్యాహ్నం భోజనం మానిపించకండి, డాక్టర్‌ని ముందే ఒక మాట అడగండి. పాలు అరగనివాళ్లకి బాగా మాగిన గట్టి చీజ్ మెత్తటి రకాల కంటే నయం, అందులో లాక్టోజ్ దాదాపు ఉండదు. మీతో గర్భిణులు ఎవరైనా ఉంటే పచ్చి పాలతో చేసిన మెత్తటి చీజ్‌లు పెట్టొద్దు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఉంది. మింగకుండా ఉమ్మెయ్యడానికి బల్ల మీద ఒక పాత్ర పెడతారు, వాడితే ఎవరూ ఏమీ అనుకోరు. నాన్నగారు మొహమాటపడి గ్లాసు ఖాళీ చెయ్యనవసరం లేదు.

బుక్ చేసే రోజు సోమవారం కాకుండా చూడండి. చాలా చీజ్ దుకాణాలు ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా మూసి ఉంటాయి, అప్పుడు టేస్టింగ్ ఏదో ఒక గదిలో పెడతారు. మూడింటికి నడక మొదలై అయిదింటికి బల్ల దగ్గర కూర్చునే టూర్ మీకు సరిపోతుంది. టేస్టింగ్‌కే గంటన్నర కేటాయించారా, గుంపులో పది మందికి లోపే ఉంటారా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఇంకో టూర్ వెతుక్కోండి. నచ్చిన చీజ్ కొనుక్కుంటే 'సూ వీద్' అని చెప్పండి, గాలి తీసేసి ప్యాక్ చేసి ఇస్తారు. విమానంలో చెక్-ఇన్ బ్యాగులో పెట్టడం మేలు, మెత్తటి రకాలని చేతి బ్యాగులో ద్రవాల కింద లెక్కేసి ఆపెయ్యొచ్చు.

ఈమెయిల్ ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు. దుకాణంలో మళ్లీ ఒకసారి నోటితో చెప్పడానికి ఈ వాక్యం రాసిపెట్టుకోండి: "మా మేర్ ఎ వెజెతారియెన్, పా ద్ ప్రెజ్యూర్ అనిమాల్, సిల్ వూ ప్లే." మా అమ్మ శాకాహారి, జంతువుల రెన్నెట్ వద్దండీ అని.