నీళ్లలో పడిన ఫోన్‌ను బియ్యంలో పెడితే బాగవుతుందా?

కాదు, తడిసిన ఫోన్‌ను కాపాడేది బియ్యం కాదు, దాన్ని వెంటనే స్విచాఫ్ చేసి, ఛార్జింగ్ పెట్టకుండా, గాలి ఆడే చోట పూర్తిగా ఆరనివ్వడం.

ఫోన్‌కు అసలు ముప్పు తడి కన్నా ఆ తడిలో పారే కరెంటు వల్లే ఎక్కువ. మనం వాడే నీటిలో లవణాలు కరిగి ఉంటాయి కనుక అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది; బ్యాటరీ నుంచి కరెంటు అందుతున్నంతసేపు సర్క్యూట్ బోర్డు మీది సన్నని రాగి దారులు, టంకం అతుకులు రసాయనిక చర్యకు లోనై పచ్చటి చిలుము పడతాయి. పనిచేస్తోందో లేదో చూద్దామని మాటిమాటికీ ఆన్ చేయడం అన్నిటికంటే హానికరం.

విశాఖ బీచ్‌లో అల తగిలి తడిసిన ఫోన్‌నే తీసుకోండి. నీరు ఆవిరైపోయినా ఉప్పు లోపలే మిగిలి, గాలిలోని తేమను పీల్చుకుంటూ లోహాన్ని తినేస్తూనే ఉంటుంది. అందువల్ల మర్నాడు ఫోన్ మామూలుగా పనిచేసినా, మెకానిక్ చేత విప్పించి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (త్వరగా ఆవిరైపోయే శుభ్రపరిచే ద్రవం) శుభ్రం చేయించడం అవసరం.

బియ్యం తేమను లాగేస్తుందన్నది చాలామంది నమ్మకం. మూసిన ఫోన్ లోపలి నీటిని బయటి గింజలు లాగలేవు, పైగా వాటి పొడి ఛార్జింగ్ రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఆపిల్ సంస్థ సైతం బియ్యం సంచిలో పెట్టవద్దనే చెబుతోంది. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టడం మేలు. నీరు, దుమ్ము చొరబడకుండా తట్టుకుంటుందని తెలిపే ‘ఐపీ68’ రేటింగ్ రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు: ఆ పరీక్ష మంచినీటితో, కొత్త ఫోన్ మీద జరుగుతుంది, లోపలి సీళ్లు వాడకంతో సడలిపోతాయి.