యాప్‌కి సబ్‌స్క్రిప్షన్ కడుతున్నా, కేఫ్‌లో పాటలు పెట్టడానికి మళ్ళీ లైసెన్స్ ఎందుకు?

నెలనెలా యాప్‌కి డబ్బులు కడుతున్నాను కదా, అవే పాటలు నా కేఫ్‌లో పెడితే మళ్ళీ కట్టడమేంటి అని అడిగారు. కట్టాలండీ. నేను హాళ్ళలో, ఈవెంట్లలో సౌండ్ చూస్తుంటాను, కొత్తగా ఏదైనా తెరిచిన ప్రతి ఓనరూ ఇదే అడుగుతారు, అడగడంలో న్యాయం ఉంది, కాకపోతే మీరు కట్టింది మీరు వినడానికి. స్పాటిఫై టర్మ్స్ తెరిచి చూడండి, సొంత వాడకానికే అని ఉంటుంది. సీడీ కొన్నా అంతే, సీడీ మీదే గానీ వచ్చేపోయే జనానికి వినిపించే హక్కు దానితో రాదు.

ఇది యాప్‌లు వచ్చాక పుట్టిన రూలు కూడా కాదు. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే రచయిత ఒక కేఫ్‌లో కూర్చుని ఉంటే అక్కడ ఆర్కెస్ట్రా ఆయన పాటే వాయిస్తోంది, నా పాటకి మీరు డబ్బివ్వనప్పుడు మీ డ్రింకుకి నేనెందుకివ్వాలని బిల్లు కట్టనన్నాడు, కోర్టుకెళ్ళి గెలిచాడు కూడా. దాన్నుంచే 1851లో సాసెమ్ అనే రచయితల సొసైటీ వచ్చింది. ఒక్కో రచయిత ఊరూరా తిరిగి వసూలు చేసుకోలేడు, మీరూ ఒక్కో పాటకి ఒక్కొక్కళ్ళని వెతుక్కోలేరు, అందుకే సొసైటీలు తమ దగ్గరున్న పాటలన్నిటికీ కలిపి ఒకే లైసెన్స్ ఇస్తాయి.

ఈ లైసెన్స్‌కి ఒక్కోసారి రెండు బిల్లులొస్తాయి, ఎందుకంటే పాటలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, ట్యూన్ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. స్టేజీ మీద మీ సింగరే పాడితే రికార్డింగ్ గొడవ లేదు, కానీ రాసినవాళ్ళకి ఇవ్వాల్సింది ఉంటుంది. త్యాగరాజు గారి కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు, ఆయన పోయింది 1847లోనే, ఆ రాత మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, కానీ మొన్న రిలీజైన ఆల్బమ్‌లోంచి ఆ కీర్తన ప్లే చేస్తే ఆ రికార్డింగ్‌కి హక్కుదారు ఉన్నట్టే. దేశాన్ని బట్టి తేడాలున్నాయి, అమెరికాలో హాల్లో సీడీ వేస్తే రాసినవాళ్ళకే వస్తుంది, సింగర్‌కీ, లేబుల్‌కీ అంటే రికార్డింగ్ కంపెనీకీ రాదు (ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది).

ముప్పై సెకన్లలోపు ఫ్రీ అనేది ఎక్కడా రూలు కాదు. కింద క్రెడిట్ వేస్తే పర్లేదు అనేదీ అంతే. టికెట్ లేనంత మాత్రాన అన్నిచోట్లా ఫ్రీ అయిపోదు. రాయల్టీ ఫ్రీ అని ఉన్న పాటకి కూడా షరతులు చదవండి, కమర్షియల్ వాడకం కుదరదని కొన్నిటిలో ఉంటుంది.

ఈవెంట్ పెడితే లైసెన్స్ హాలువాళ్ళు తీసుకుంటారా మీరా అన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. హాలువాళ్ళు ఉందంటే కాపీ అడగండి, డేట్ చూడండి, రెండు హక్కులూ కవరయ్యాయో లేదో చూడండి.

ఇంకోటి, ఇది నిజంగా మనసు పెట్టి చెబుతున్నా. లైవ్ షో అయ్యాక చాలా సొసైటీలు పాటల లిస్టు అడుగుతాయి. పాట పేరు, రచయిత, సంగీత దర్శకుడు అని కాలమ్స్ ఉంటాయి, మనవాళ్ళు సినిమా పేరో హీరో పేరో రాసి రచయిత దగ్గర ఖాళీ వదిలేస్తారు. లిస్టు సరిగ్గా లేకపోతే ఆ డబ్బు ఎక్కువ మోగే పాటల లెక్కల ప్రకారం పంచేసే అవకాశం ఉంది, మీ స్టేజీ మీద పాడిన పాట రాసినాయనకి పైసా అందకపోవచ్చు. నేనైతే వైర్లు చుట్టేలోపే ఆల్బమ్ క్రెడిట్స్ తీసి ఆ కాలమ్ నింపేస్తాను, పెద్ద పనేం కాదు. లైసెన్స్‌కి డబ్బు కట్టాక అది చేరాల్సిన మనిషికి చేరకపోతే మరి కట్టింది ఎవరికోసం?

ఆ షో వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలంటే మాత్రం ఈ లైసెన్స్ పనికిరాదు. దృశ్యానికి పాట జోడించే పర్మిషన్ వేరు, అది రాసినవాళ్ళ తరఫు పబ్లిషర్ దగ్గరా, ఒరిజినల్ ట్రాక్ వాడితే లేబుల్ దగ్గరా విడిగా అడగాలి.