బుజ్జీ, బీన్ బ్యాగులు ఆర్డర్ పెట్టకముందు ఇది చదువు

విజయనగరం

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాను. ఫోన్లో అంకెలు కనపడక, మీ పెదనాన్న చేత ప్రింటు తీయించి బల్ల మీద పరుచుకుని మరీ చూశాను. శ్రీకాకుళంలో నలభై మందితో ఆఫీసు పెడుతూ, వాళ్ళు కాసేపు కూర్చుని టీ తాగడానికి, నలుగురు చేరి పని సంగతులు మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలని నీకు తోచింది. సంతోషం. కుర్చీలు, బీరువాలు కొనడం, గదులు పంచడం, మరమ్మతులు చేయించడం, నా ఉద్యోగమంతా ఇదే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ఆ విశాఖపట్నం డిజైనరు గీసింది ఫోటోకి బాగుంటుంది. ప్లాస్టిక్ గడ్డి గోడ, దాని మీద ఇంగ్లీషులో నియాన్ అక్షరాలు, ఆరు బీన్ బ్యాగులు. సరే. కానీ అందులో ఏం పెట్టాలన్నది తర్వాతి సంగతి, ఆ చోటు ఎక్కడ ఉండాలన్నది ముందు తేలాలి. అతను దాన్ని తీసుకెళ్ళి పడమటి మూల, నీ కేబిన్ పక్కన పెట్టాడు. రెండు విధాలా అది పనికిరాదు.

ఎండ సంగతి చూడు. పడమటి గోడంతా అద్దమే గీశాడు. వేసవిలో మూడు నుంచి ఐదు దాకా, సరిగ్గా టీ టైముకి, అక్కడ కూర్చోవడం ఎవరివల్లా కాదు. ఏసీ ఉందంటావు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద కంప్యూటర్లే నడుస్తాయి, ఏసీ నడవదు. మన వైపు ఎండ కన్నా ఉక్క ప్రాణం తీస్తుంది. తూర్పు, దక్షిణం వైపు తెరుచుకునే కిటికీలు ఉన్న చోటు చూడు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తగులుతుంది, ఫ్యాను చాలు. అయితే ఆ కిటికీల దగ్గర తడిస్తే పాడయ్యే సామాను పెట్టకు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, తిత్లీ అయితే మీ జిల్లానే కుదిపేసింది. ఆ నెలలో వాన నిలువుగా పడదు, కిటికీ సందుల్లోంచి లోపలికి కొడుతుంది. బట్ట సోఫా ఒకసారి తడిసిందంటే ఆ ముక్కిన వాసన ఏడాదంతా ఉంటుంది. కిటికీల కింద గోడ వెంబడి పద్దెనిమిది అంగుళాల ఎత్తున సిమెంటు తిన్నె కట్టించి పైన నాపరాయి వేయించు. మెత్తలు విడిగా కుట్టించుకో, వాన వస్తే తీసేయొచ్చు. సోఫా కన్నా చవక, పదిమంది పడతారు.

ఇంక నీ కేబిన్. అద్దం గోడలోంచి నువ్వు వాళ్ళకి కనపడుతుంటే అక్కడ ఎవరు కూర్చుంటారు చెప్పు? నువ్వు మంచివాడివే, ఎవర్నీ ఏమీ అనవు. అయినా యజమాని కళ్ళెదుట టీ కప్పు పట్టుకుని నవ్వే ధైర్యం మన వాళ్ళకి ఉండదు. అలాగని వెనక్కి, ఎవరికీ కనపడని మూలకి తోసేయకు. ఆడపిల్లలు అటు పోరు. నలుగురూ నడిచే దారి పక్కన ఉండాలి, ఒక వైపు తెరిచి ఉండాలి, నీ బల్ల దగ్గర్నుంచి మాత్రం కనపడకూడదు. అక్కడ సీసీ కెమెరా పెట్టించావో, ఇంత ఖర్చూ దండగే.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో రిక్రియేషన్ రూమ్ అని ఒక గది ఉండేది. లోపల క్యారమ్ బోర్డు, నాలుగు కుర్చీలు. తాళం మాత్రం సూపరింటెండెంటు దగ్గర. అడిగి తీసుకోవాలి, పుస్తకంలో రాయాలి. ఎవరూ అడిగేవారు కాదు. జనమంతా సైకిల్ స్టాండు పక్క మెట్ల మీద చేరేవారు, ఎందుకంటే టీ కుర్రాడు ఫ్లాస్కు పట్టుకుని అక్కడికే వచ్చేవాడు. రెండు సెక్షన్ల మధ్య నెలల తరబడి నలిగిన ఫైళ్ళు ఆ మెట్ల మీద రెండు మాటల్లో తేలిపోవడం నేను కళ్ళారా చూశాను.

అందుకని, ఇప్పుడున్న అద్దె ఆఫీసులో ఒక వారం ఊరికే గమనించు. పదకొండింటికి, నాలుగింటికి ఎవరు ఎటు నడుస్తున్నారు? వాటర్ క్యాన్ దగ్గర ఎవరు ఆగుతున్నారు? కిందకి టీ బండి దగ్గరికి ఎవరెవరు కలిసి వెళ్తున్నారు? టీ, నీళ్ళు, ప్రింటరు, ఈ మూడింటినీ ఒక చోట చేర్చావంటే సగం పని అయిపోయినట్టే. ప్రింటరు చప్పుడు గురించి నీ డిజైనరు గోల చేస్తాడు, చేయనీ.

కొత్త బిల్డింగులో నీవి రెండు అంతస్తులని గుర్తుంచుకో. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రొఫెసర్ థామస్ అలెన్ ఇంజనీర్లు ఎవరితో ఎంత మాట్లాడుకుంటారో లెక్క కట్టి, 1970ల్లోనే తేల్చాడు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు తగ్గిపోతాయి, యాభై మీటర్లు దాటితే దాదాపు ఉండవు. మీ ఆఫీసు ఈ చివర నుంచి ఆ చివరకి యాభై మీటర్లు లేదు, నిజమే. కానీ మెట్లు ఎక్కి దిగడం అంతకన్నా పెద్ద దూరం. పైన బిల్లింగ్ వాళ్ళు, కింద టెక్నికల్ వాళ్ళు అన్నావు కదా. ఈ చోటుని మెట్లు దిగగానే, కింది అంతస్తులో పెట్టు. పై అంతస్తులో ఇంకో టీ మెషిన్ అడుగుతారు, ఇవ్వకు. మంచినీళ్ళు మాత్రం రెండు చోట్లా ఉండాలి.

కలిసి పనిచేస్తారని చెప్పి క్యాబిన్ల మధ్య అడ్డాలన్నీ తీసేస్తానన్నావు. అది మానుకో. హార్వర్డ్ వాళ్ళు రెండు కంపెనీల్లో అలా తీసేశాక ఏమైందో కొలిచారు, 2018లో అచ్చయింది. ఎదురెదురుగా మాట్లాడుకోవడం డెబ్భై శాతం దాకా పడిపోయింది, ఈమెయిళ్ళు పెరిగాయి. అందరూ అందరికీ కనపడుతుంటే మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముడుచుకుపోతాడు. పని బల్ల దగ్గర కాస్త చాటు ఉంటేనే, లేచి ఇవతలికి వచ్చి మాట్లాడాలనిపిస్తుంది.

చప్పుడు గురించి డిజైనరు ప్లాన్లో ఒక్క మాట లేదు. కింద టైల్స్, చుట్టూ అద్దం, పైన జిప్సం సీలింగు. పది మంది ఒకేసారి నవ్వితే పెళ్ళి పందిరే అవుతుంది, అవతల ఫోన్లో క్లయింటుతో మాట్లాడేవాడు నిన్ను తిట్టుకుంటాడు. ఒక గోడంతా మెత్తటి కార్క్ బోర్డు కొట్టించు, కాగితాలు గుచ్చుకోవడానికీ పనికొస్తుంది. కింద కొబ్బరి పీచు పట్టాలు వేయించు, మందపాటి కార్పెట్ వద్దు, ఈ తేమకి బూజు పడుతుంది. కర్టెన్లకి పొందూరు ఖద్దరు వేద్దామని మీ అమ్మ అందిట. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి తీసిన సన్న నూలురా అది, కట్టుకోవడానికి గానీ టీ మరకలు తుడుచుకోవడానికి కాదు. దళసరి దుప్పటి గుడ్డ చాలు.

బీన్ బ్యాగులు అసలే వద్దు. చీర కట్టుకున్న మనిషి అందులో కూర్చుంటే లేవడానికి ఇద్దరు చేయి అందించాలి. మీ అకౌంటెంటు గారికి మోకాళ్ళ నొప్పులని నువ్వే చెప్పావు. నలభై మందిలో ఒకేసారి వచ్చేది మూడో వంతు అనుకో, పద్నాలుగు చోట్లు చాలు. మనిషికి ఇరవై చదరపు అడుగులు వేసుకున్నా 280 అవుతుంది, నీకు 350 ఉంది. తిన్నె పోను, భోజనానికి ఒక పొడుగు బల్ల, ముప్ఫై అంగుళాల ఎత్తు. ఇంకొకటి నిలబడి మాట్లాడుకోవడానికి, నలభై రెండు అంగుళాల ఎత్తు, దానికి స్టూళ్ళు పెట్టకు. నిలబడితే మాట పది నిమిషాల్లో తెములుతుంది. దాని పక్కనే తెల్ల బోర్డు. ఆరిపోయిన మార్కర్లు పారేసి కొత్తవి పెట్టే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించు, లేకపోతే మూడో వారానికి ఆ బోర్డు మీద క్రికెట్ స్కోరు తప్ప ఏమీ ఉండదు. ఉన్నా తప్పేం లేదనుకో.

భోజనం దగ్గర జాగ్రత్తగా ఉండు. మన వాళ్ళ క్యారేజీల్లో ఎండు చేప వస్తుంది. రాకూడదని బోర్డు పెట్టడం లాంటి తెలివితక్కువ పని చేయకు. వంట గదిలో పెట్టే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను మైక్రోవేవ్ పైన బిగించు, గాలి బయటికి పోవాలి గానీ లోపలి కారిడార్లోకి కాదు. శాకాహారులకి వేరే బల్ల అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు. మొదట వంటలతో విడిపోతారు, తర్వాత ఎవరెవరు ఎక్కడ విడిపోతారో నీకు చెప్పక్కర్లేదు. ఒకటే పొడుగు బల్ల. కప్పులన్నీ ఒకే రకం. అటెండరు, ఊడ్చే ఆవిడ, సెక్యూరిటీ అతను కూడా అవే కప్పుల్లో తాగాలి, అక్కడే కూర్చోవాలి. ఇది నోటితో చెప్తే జరగదు. మొదటి రోజు నువ్వే వాళ్ళ పక్కన కూర్చుని తాగు.

తర్వాత మాత్రం రోజూ వెళ్ళి కూర్చోకు. వెళ్ళినప్పుడు నీ కప్పు నువ్వే కడుక్కో, అక్కడ మాత్రం “ఆ పని ఎంతవరకొచ్చింది?” అని అడగకు. ఒక్కసారి అడిగావంటే, మర్నాటి నుంచి నీ అడుగుల చప్పుడు వినగానే ఆ చోటు ఖాళీ అవుతుంది. టీకి లేచిన నిమిషాలు లెక్కపెట్టే మెషిన్ కూడా వద్దు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, నూట యాభై మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో విశ్రాంతి గది, భోజనాల గది ఉండాలని రాశారు. నీది ఫ్యాక్టరీ కాదు, నలభై మందే. అయినా కూర్చోవడానికి చోటివ్వడం మనం చేసే దయ కాదని తెలుసుకుంటావని చెప్తున్నాను.

ఆడవాళ్ళకి, తలుపు గడియ పెట్టుకునేలా, ఒక మంచంతో చిన్న గది వేరేగా ఉండాలి. దాన్ని ఈ లెక్కలో కలపకు. వాస్తు కోసం సింకు ఈశాన్యంలోకి జరపమని మీ నాన్న అంటున్నాడట, ఆ తగాదాలోకి నన్ను లాగకండి. రంగులు నీ ఇష్టం. మొక్కలు రెండు చాలు, మీ జిల్లా బుడితిలో చేసే ఇత్తడి కుండీల్లో పెడితే చూడ్డానికి మన ఊరిలా ఉంటుంది, కానీ నీళ్ళు పోసే మనిషి ఉన్నప్పుడే.

కరెంటు పని గోడలు పూయకముందే చూసుకో. కెటిల్ పదిహేను వందల వాట్లు, మామూలు ప్లగ్గులో పెడితే కాలి నల్లబడుతుంది. కెటిల్‌కి, మైక్రోవేవ్‌కి, ఫ్రిజ్‌కి విడివిడిగా పవర్ ప్లగ్గులు, వాటికి వేరే లైను. అవేవీ ఇన్వర్టరుకి తగిలించొద్దు. తిన్నె వెంబడి లాప్‌టాప్‌లకి ప్రతి నాలుగు అడుగులకీ ఒక చిన్న ప్లగ్గు, నేల మీద కాదు, నడుము ఎత్తులో. ఊడ్చి తడిగుడ్డ పెట్టేటప్పుడు కింది ప్లగ్గుల్లోకి నీళ్ళు పోతాయి.

డబ్బంతా ఒకేసారి పోయకు. తిన్నె, కరెంటు, సింకు, ఎగ్జాస్ట్ ఇప్పుడే చేయించు, అవి తర్వాత కుదరవు. బల్లలు, కుర్చీలు రెండు నెలలు అద్దెకి తెచ్చి నడిపి చూడు. వాళ్ళు వాటిని ఎక్కడికి జరుపుకుంటారో చూసి అక్కడే పర్మనెంటువి చేయించు. గడ్డి గోడ డబ్బులు మిగుల్తాయి కదా, వాటితో మంచి నీళ్ళ ఫిల్టరు కొను.

ప్లాన్ మార్పించాక మళ్ళీ పంపు, ప్లగ్గుల చోట్లు గుర్తు పెట్టి మరీ పంపు. ఈసారి పెద్ద అక్షరాల్లో. మీ అమ్మని బీపీ మాత్రలు వేళకి వేసుకోమను.

ఇట్లు,
పెద్దమ్మ