హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వెళ్తే దారిలో ఆగి చూడాల్సినవి

పిల్లలతో కారులో విజయవాడ వెళ్తున్నాం, టిఫిన్‌కి ఆగడం తప్ప దారిలో చూడ్డానికి ఏమైనా ఉన్నాయా అని అడిగారు కదా. ఉన్నాయండి, బోలెడు ఉన్నాయి, కాకపోతే ఒక్కటి కూడా హైవే మీద నుంచి కనపడదు. మా పుట్టిల్లు కంకిపాడు, పెళ్లయిన దగ్గర్నుంచి సంక్రాంతికీ వేసవి సెలవులకీ ఈ రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నా, గత నాలుగైదేళ్లుగా మాత్రం ప్రతి ట్రిప్‌లో ఏదో ఒక చోట హైవే దిగి లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాం.

ఒక్కటే చూసే టైముంటే పిల్లలమర్రి చూడండి. సూర్యాపేటకి కొంచెం ముందే హైవే దిగి లోపలికి వెళ్లాలి, ఊరు దగ్గరే. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. వాటిలో ఎరకేశ్వరాలయం కట్టించింది ఒక ఆడావిడ, బేతిరెడ్డి గారి భార్య ఎరకసాని, 1208లో. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒకావిడ తన పేరుతో గుడి కట్టిస్తే ఆ పేరు ఇంకా అలాగే ఉంది, మా అమ్మాయికి ఆ సంగతి చెప్తే గుడి చుట్టూ తిరిగినంతసేపూ ఎరకసాని గురించే అడుగుతూ ఉంది, ఎలా ఉండేది, ఇక్కడే కూర్చునేదా అని. నల్లరాతి స్తంభాలు ఎంత నున్నగా ఉంటాయంటే దగ్గరికెళ్తే మన ముఖం నీడలా కనిపిస్తుంది. సన్నటి చెక్కడాల్లో కొన్ని చోట్ల వేలి గోటితో మెల్లిగా తడితే రాయి గణగణమంటుంది, నిజంగా లోహం మోగినట్టే. పిల్లల్ని మాత్రం రాళ్లు పెట్టి కొట్టనివ్వకండి ప్లీజ్, అలా కొట్టీ కొట్టీ అంచులు పెచ్చులూడిపోయి ఉన్నాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట అయింది, గర్భగుడికి తాళం. అరుగు మీద కూర్చున్న పెద్దాయన "పొద్దుగాల రావాలె బిడ్డా, పూజారి తాళమేస్కొని పోయిండు" అన్నాడు. మంచినీళ్లిచ్చి, ఊళ్లో ఇంకో గుడి కూడా ఉంది, నామేశ్వరాలయం, అదీ చూసి పోండి అని దారి చూపించాడు. అందుకే చెప్తున్నా, ఇంట్లో తెల్లారుజామున ఐదింటికల్లా బయల్దేరండి, తొమ్మిది లోపు అక్కడుంటారు.

రెండోది పానగల్లు. నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు నల్లగొండ రోడ్డు పట్టుకోవాలి, కాబట్టి రానూపోనూ ఒక గంటన్నర అదనం అనుకోండి. అక్కడ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడు ఎటు తిరిగినా నీడ జరగదు. మావాడు ఏ స్తంభం నీడో కనిపెడతానని అరగంట వెతికాడు. కిటుకేంటంటే ఎండ నేరుగా పడదు, మండపానికి రెండు పక్కల నుంచి వెలుగు పరుచుకుని లోపలికొస్తుంది, ఆ వెలుగు అందని పట్టీ మనకి స్తంభం నీడలా నిలబడి కనిపిస్తుంది. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలంలో ఇంత లెక్క వేసి కట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, దాని పక్కనే చిన్న మ్యూజియం ఉన్నాయి, రెండూ కలిపి చూసేయొచ్చు.

విజయవాడ దగ్గరపడ్డాక ఇబ్రహీంపట్నంలో ఎడమకి తిరిగితే కొండపల్లి. కోట పైదాకా ఘాట్ రోడ్డుంది. రెడ్డి రాజుల కోట, తర్వాత గజపతుల చేతికి పోయింది, వాళ్ల దగ్గర్నుంచి కృష్ణదేవరాయలు గెలిచాడు. పిల్లలకి కోటకంటే కింద బొమ్మల వీధే బాగా నచ్చుతుంది. షాపులో కొనేసి వచ్చేయకండి, పని చేస్తున్న ఇంట్లో కాసేపు కూర్చోండి, అడిగితే ఎవరూ కాదనరు. తెల్లపొణికి చెక్క చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. కాళ్లు చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ మక్కు పూసిన చోట వేలితో నునుపు చేస్తుంటే అతుకు ఎక్కడుందో కనపడదు. దశావతారాల సెట్ కొన్నాం, అప్పుడెప్పుడో కొన్నది, ఇప్పటికీ మా షోకేసులో చెక్కుచెదరకుండా ఉంది.

పోచంపల్లి గురించి చాలామంది చెప్తారు, చీరల కోసం వెళ్తే సరే, కానీ 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊళ్లో దళితుల కోసం 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానోద్యమం అలా అక్కడ పుట్టింది. ఈ సంగతి చెప్పి తీసుకెళ్తే పిల్లలకి మగ్గాలతోపాటు ఆ ఊరు కూడా గుర్తుంటుంది.

జగ్గయ్యపేట బౌద్ధ స్థూపం మాత్రం వీలైతేనే. 1882లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు బర్గెస్ తవ్వించాడు, అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, అంటే ఊళ్లో మీకు కనపడేది ఖాళీ దిబ్బ. దానికి బదులు విజయవాడ చేరాక బాపు మ్యూజియానికి వెళ్లండి, 1887 నాటి విక్టోరియా జూబిలీ బిల్డింగ్ అది. అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధుడు అక్కడే ఉన్నాడు. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది 1921లో ఈ బెజవాడలోనే, లోపలికి వెళ్లే ముందు పిల్లలకి అది చెప్పండి.

అన్నీ ఒకే రోజులో పెట్టుకోకండి. వెళ్లేటప్పుడు పిల్లలమర్రి, కొండపల్లి, వచ్చేటప్పుడు పానగల్లు చాలు, నీళ్లూ టోపీలూ మర్చిపోకండి, ఎండాకాలం ఆ రాళ్ల మీద చెప్పులు విప్పితే కాళ్లు కాలిపోతాయి, సాక్సులు ఉంచుకోండి.